మలావీకి పోయిన చీరలు

కెజియా నర్సింగ్ చదివింది రోగులకు సూదులు వేయడానికి. ఆఫ్రికాలోని మలావీ దేశానికి సేవకు పోయి ఆమె చేసింది మాత్రం ఊళ్ళో ఆడవాళ్ళకు కుచ్చిళ్ళు పోయడం.

జమ్మలమడుగులో ఈ మాట ఎవరన్నా కెజియా నవ్వదు. జేజి నవ్వుతుంది. జేజి అంటే సుగుణమ్మ, కెజియాకు నాయనమ్మ, చర్చిలో స్త్రీల మైత్రి సంఘానికి అధ్యక్షురాలు. ఆమె మాట్లాడేటప్పుడు మైకు ఆపేస్తారు, అది ఉన్నా లేకున్నా ఒకటే కాబట్టి. తల్లి పోయిన కెజియాను పెంచింది ఆమే. తండ్రి దయానందం పులివెందుల డిపోలో బస్సు డ్రైవరు. సెలవుకు ఇంటికొచ్చి, తల్లికీ కూతురికీ మధ్య నలిగి, దీనికన్నా ఘాట్ రోడ్డే నయమని మళ్ళీ డ్యూటీకి పోతాడు.

కెజియా రోజూ బస్సులో పొద్దుటూరు పోయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తుంది. దొరికిన సీటు ఏ ముసలామెకో ఇచ్చేసి దారంతా నిలబడి, ఇంటికొచ్చాక కాళ్ళు లాగుతున్నాయని గొణిగే రకం. చేసిన మేలు చెప్పుకోదు, పడిన బాధ మాత్రం దాచుకోదు.

ఆ చర్చి ఏడాదికోసారి కొందరు యువజనులను వేరే దేశానికి సేవకు పంపుతుంది. ఆ పని చూసేది ఏలియా సార్, రిటైరైన హెడ్‌మాస్టరు. ఆ ఏడు మలావీ అన్నారు. అక్కడి పల్లెలో చర్చివాళ్ళ చిన్న ఆసుపత్రి ఉందనీ, నర్సులు చాలడం లేదనీ విన్న రోజే కెజియా పేరిచ్చింది.

కెజియా పేరివ్వగానే జేజి చీరల వేటకు బయలుదేరింది. జమ్మలమడుగులో బీరువాలు తెరిపించింది. పొద్దుటూరు బట్టల అంగళ్ళ వీధిలో, మెట్ల మీద కూర్చుని, అమ్ముడుపోని చీరలు ఇచ్చేదాకా కదల్లేదు. ఇల్లంతా మూటలయింది.

"ఎందుకు జేజీ ఇన్ని? ఆ దేశంలో ఆడోళ్ళు చీరలు కట్టుకోరు" అంది కెజియా.

"యాడ కట్టుకుంటారు, ఉంటే కదా. ఫోటోలు చూడ్లేదా నువ్వు? పాపం నడుముకు తుండుగుడ్డ చుట్టుకోనుండారు."

"అది తుండుగుడ్డ కాదు. వాళ్ళ బట్టే అది."

"బట్ట లేకనే అది బట్టయింది. నోరు మూసుకోని సంచి పట్టు, మే."

విమానంలో తీసుకుపోయే బరువుకు లెక్క ఉంటుంది. చీరలకు చోటు చాలక కెజియా బట్టలు సగం బయటికొచ్చాయి, తర్వాత ఆమె బీపీ మిషను బయటికొచ్చింది. చివరగా జేజి తన సొంత నూలు చీర, ఉతికి ఉతికి మెత్తబడినది, పైన పెట్టి సంచి మూసింది. "ఇది మంచి ఆమెకు ఇయ్యి, ఎవురికంటే వాళ్ళకు ఇయ్యొద్దు" అని చెప్పింది.

మలావీలో ఆసుపత్రి చూసుకునే నర్సు పేరు థోకో. కెజియా కంటే నాలుగైదేళ్ళు పెద్ద. మొదటి రోజే ఉన్న మాట ఇంగ్లీషులో చెప్పేసింది. అక్కడి నర్సుల మండలి అనుమతి లేకుండా బయటి దేశం మనిషి సూది పట్టకూడదు. ఆ అనుమతి ముందే రాసి తెచ్చుకోవాలి. ఆ సంగతి ఏలియా సార్‌కు ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు.

"అయితే పిల్లల బరువులు చూస్తాను. వాళ్ళను పట్టుకుంటాను, నీళ్ళు మోస్తాను" అంది కెజియా.

"రా. అదే పెద్ద సాయం" అంది థోకో.

జట్టుతో వచ్చిన ఏలియా సార్ ఒప్పుకోలేదు. "ముందు చీరల కార్యక్రమం కానీ అమ్మా. మన ఊర్లో ఆడోళ్ళంతా ఎదురుచూస్తాంటారు, ఫోటోలు రావాల. ఆసుపత్రి యాడికి పోతాది?"

మధ్యాహ్నం మామిడిచెట్ల నీడలో ఆడవాళ్ళను వరసగా నిలబెట్టారు. అప్పుడు బయటపడింది, అన్ని మూటల్లో ఒక్క లంగా కూడా లేదని. లంగా లేని చీర ఎక్కడ దోపాలి? కెజియా వాళ్ళ నడుము బట్ట మీదే తాడు కట్టి, అందులో కుచ్చిళ్ళు దోపింది. ఒకామె రెండడుగులు వేయగానే కుచ్చిళ్ళు జారి కాళ్ళకు చుట్టుకున్నాయి. అందరూ నవ్వారు, ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది. పాట పాడారు, ఫోటోలు దిగారు. తర్వాత ఒక్కొక్కరే చీర విప్పి, చక్కగా మడిచి, రెండు చేతులతో కెజియా చేతికి తిరిగి ఇచ్చి పోయారు.

వాళ్ళు వాటిని ఫోటో కోసం ఇచ్చిన వేషం బట్టలనుకున్నారు. మీకే అని చెప్పినా సిగ్గుపడి తీసుకోలేదు. మరునాడు పక్క పల్లెలో అవే చీరలు, అదే తాడు. మొదటి వారమంతా అలాగే పోయింది. థోకో ఆసుపత్రి గుమ్మంలోంచి చూసేది. మళ్ళీ లోపలికి పోయేది. ఆమె ఏమైనా అని ఉంటే కెజియాకు కొంత బాగుండేది.

పిల్లల బరువులు చూసే రోజు వచ్చింది. పైనుంచి వేలాడే కాటాకు గుడ్డ ఊయల తగిలించి, అందులో పిల్లను పెట్టి తూచాలి. ఆసుపత్రి ఊయల చిరిగిపోయి ఉంది. తల్లులు తమ వీపుకు కట్టుకున్న గుడ్డే విప్పి, అందులో పిల్లను తగిలించి, మళ్ళీ కట్టుకునేసరికి వరస ఎండలోకి పాకింది. కెజియా ఏలియా సార్‌ను అడగలేదు. సంచి విప్పింది. సిల్కు చీరలు జారుతాయి, పిల్ల పడితే ఎవరు జవాబు? నూలుది ఒకటే ఉంది. కత్తెర తీసుకుని జేజి చీరను అడ్డంగా కోసింది, రెండుసార్లు కుట్టింది. ఆ పూట వరస కదిలింది. థోకో రాస్తుంటే కెజియా పిల్లలను ఎత్తి పెట్టింది. ఒకడు ఆమె చున్నీ అంతా తడిపాడు. మలావీకి వచ్చాక ఆమె మనసారా సంతోషించింది అప్పుడే.

జట్టులో ఎవరో ఫోటో తీసి చర్చి గ్రూపులో పెట్టారు. జేజి వీడియో కాల్ చేసింది.

"అది నా చీర కదా మే?"

"నీదే."

"కట్టుకోమని ఇస్తే కోసినావా?"

"కోయకుండా ఉంటే సంచిలో ఉండేది జేజీ. ఇప్పుడన్నా పనికొచ్చింది."

"సిల్కుయి ఉండాయి కదా, అయి కోయకూడదా?"

"పిల్లోళ్ళు జారిపోతారు."

జేజి మొహం తెర నిండా ఉంది. "అంచు బాగుండె దానికి" అని పెట్టేసింది.

వచ్చే ఏడు అనుమతితోనే వస్తానని కెజియా థోకోకు మాటిచ్చి వచ్చింది. ఇంటికొచ్చి సర్టిఫికెట్లన్నీ పంపింది, మండలివాళ్ళు అడిగిందల్లా మళ్ళీ మళ్ళీ పంపింది. చివరికి అనుమతి వచ్చిందని థోకో ఫోనులో రాసింది. ఎప్పుడు వస్తావని అడిగింది. కెజియా ఆ ఆదివారమే ఏలియా సార్ దగ్గరికి పోయింది.

"వందనాలు సార్. మలావీ పర్మిషన్ వచ్చింది. ఈ సారి సూది పట్టుకోవచ్చు."

"సంతోషం అమ్మా. అయితే ఈ తూరి నేపాల్ అనుకున్నాం. చూసిన దేశమే చూపిస్తే సంఘంలో ఉత్సాహం ఉండదు గదా."

"ఆడ నర్సు నాకోసం ఎదురుచూస్తాంది సార్."

"నేపాల్లో కూడా జనం ఎదురుచూస్తాంటారు. నీ పేరు రాసినా."

"నా పేరు కొట్టేయండి సార్. నేను రాను."

ఆ మాట చర్చి బయట చెప్పులు వెతుక్కుంటున్న అందరికీ వినపడింది. ఆ వారమంతా జేజి ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు అన్నం పెడుతూ తెలిపింది, ఆ సీటుకు తన పేరు ఇచ్చేశానని. యువజనుల సీటైనా ఆమెను కాదనేవాళ్ళు లేరు. నేపాలుకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు.

"నేపాల్లో ఆడోళ్ళు చీరలు కట్టుకుంటారు, నాకు తెలుసు. నీ మాదిరి కోసేది లేదు" అంది జేజి.

దయానందం ఆ వారం సెలవు పెట్టలేదు.

జేజి నేపాలుకు బయలుదేరిన మూడో రోజు పొద్దున, కెజియా డ్యూటీలో ఉండగా ఫోను మోగింది.

"శానా చలి మే ఈడ. అందరికీ చీరలు ఉండాయి, మనకంటే మంచియి. నన్ను చూసి వాళ్ళే పాపమనుకోని స్వెట్టరు ఇచ్చినారు."

కెజియా నవ్వు ఆపుకోలేకపోయింది. వార్డులో రోగులు తలలు తిప్పి చూశారు. జేజి కూడా నవ్వింది. ఆ నవ్వు మీదనే కెజియా అడిగింది, "జేజీ, వచ్చే ఏడన్నా మలావీ అని ఏలియా సార్‌కు నువ్వు చెప్పు. నీ మాట అయితే ఇంటాడు."

"చెప్పినా పాపా. నిన్ననే చెప్పినా, గట్టిగానే చెప్పినా." జేజి గొంతు మొదటిసారి చిన్నదయింది. "వచ్చే ఏడు శ్రీలంక అంట. టికెట్లు కూడా మాట్లాడినారంట."

డాక్టరు రౌండ్లకు వస్తున్నాడని కెజియా ఫోను పెట్టేసింది. చర్చి పంపకపోతే సొంత జీతంతో పోగలిగే దూరం కాదు మలావీ. ఎప్పుడు వస్తావని థోకో అడిగిన మాటకు జవాబు రాస్తూ, చెరుపుతూ చాలా దినాలుగా నాన్చుతోంది. ఇప్పుడు రాసింది, నేను రాలేను, నా కోసం ఎవరినీ ఆపొద్దు, చేయగలిగిన వాళ్ళు ఎవరున్నా తీసుకో అని. చెరపకుండా పంపేసి, చేతులు కడుక్కుని, మొదటి మంచం దగ్గరికి సూదితో పోయింది.