పనసపొట్టు కీమా

పొయ్యి మీద టమాటా గుజ్జులో పనసపొట్టు ఇగురుతోంది. మాంసం మానేసిన మా అమ్మాయికి పాస్తాలోకి చిక్కటి సాస్ కావాలట. ఇటలీవాళ్ళు ఏం వేస్తారో నాకేం తెలుసు, బజార్లో లేత పనసకాయ కనిపిస్తే తెచ్చి, సన్నగా పొట్టు కొట్టి, నూనెలో ఎర్రగా వేయించి టమాటాల్లో పడేశాను. కాసేపటికి వంటిల్లంతా ఆ వాసనే. నలభై ఏళ్ళుగా నేను తప్పించుకు తిరిగిన వాసన.

నాన్న బెంగాల్లో, ఖిదిర్‌పూర్ ఓడరేవులో పనిచేసే రోజుల్లో మా ఇంట్లో గురువారం మాంసం, చేప ముట్టేవాళ్ళం కాదు. ఆ పూట అన్నయ్యా నేనూ కంచాల ముందు తీసే రాగాలకి విసిగి, అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. చైత్రమాసపు ఎండ పడే వసారాలో, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, జిగురు కారే పనసకాయని టకటకా కొట్టి, ఆ పొట్టుని టమాటాలతో, అల్లంతో, ఇంగువతో దగ్గరపడేదాకా మగ్గించి, “కీమా వండినానర్రా. దేవుడికి సెప్పకండి, తినీండి” అనేది. మేం ఎగబడి తినేవాళ్ళం.

అందులో ఉల్లి, వెల్లుల్లి వెయ్యకపోవడం ఎదురింట్లో మేం మాసీమా, అంటే పిన్నీ అని పిలిచే ఆవిడ కోసం. భర్త పోయినప్పటి నుంచీ చేపముక్క ఎరగని ఆ బెంగాలీ ఆవిడకి మా ఇంట మంచినీళ్ళు తాగడానికే రెండేళ్ళు పట్టింది. అమ్మకి బెంగాలీ నేర్పింది ఆవిడే, ఆ ఊళ్ళో అమ్మకున్న ఒకే ఒక్క స్నేహం ఆవిడే. ఆవిడకి మాత్రం అమ్మ నిజమే చెప్పేది, ఎంచోడ్ అని, అంటే పనసకాయ అని. అప్పటికి రెండు నెలలుగా ఆవిడ ఇష్టంగా తింటోంది.

ఒక గురువారం గిన్నె నేను పట్టుకెళ్ళాను. గొప్ప రహస్యం పంచుకుంటున్నట్టు ఆవిడ చెవిలో చెప్పాను, “మాసీమా, ఇది కీమా. దేవుడికి చెప్పకండి.”

ఆవిడ గిన్నె గుమ్మం బయట పెట్టి, లోపలికెళ్ళి వాంతి చేసుకుంది.

“ఏటన్నావే ఆవిడితో?” అని అమ్మ అడిగితే చెప్పాను. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. మర్నాడు ఒక కాయ కొనుక్కొచ్చి, మూసిన ఆ తలుపు ముందు కూర్చుని కాయంతా అక్కడే కొట్టింది. “దీదీ, ఎంచోడ్! మాంగ్షో నయ్, దీదీ!” మాంసం కాదని గొంతు పోయేదాకా అరిచింది. తలుపు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి ఆ పొట్టు నల్లబడిపోతే, అమ్మ చేటలోకి ఎత్తి పారబోసింది.

పెద్దయ్యాక ఒకసారి ధైర్యం చేసి వెళ్ళి, అమ్మ అబద్ధం చెప్పింది మాకు, మీకు కాదు అన్నాను. ఆవిడ నా తల నిమిరింది. అమ్మే నేర్పి పంపిందనుకుంది, పాపం. ఏ తప్పూ చెయ్యని ఆ మనిషి ఉపవాసాలతో చిక్కి, చెయ్యని పాపాన్ని కడుక్కుంటూనే పోయింది. మా ఇంట్లోకి మళ్ళీ పనసకాయ రాలేదు. ఇప్పుడు అమ్మా లేదు, ఆ వసారాలో తెలుగు మాటా లేదు. అన్నయ్యతో అంటే “ఏ మాసీమా?” అన్నాడు. నిజం నా ఒక్కదాని దగ్గరే ఉంది, చెప్పాల్సిన మనిషే లేదు.

మా అమ్మాయి గరిటె చివర రుచి చూసి, “అమ్మా, ఏక్‌దమ్ కీమా!” అంది.

“కాదు, పనసకాయే” అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి నా గొంతు నాకే వింతగా వినిపించింది.

“తెలుసమ్మా, నువ్వే కదా కోశావ్” అంది ప్లేటు అందుకుంటూ.

ఎంత తేలిగ్గా నమ్మేసింది!