నా చేతి బోణీ

దుకాణంలో జీతానికి మించి ఒళ్లు వంచితే ఫలితం ఉంటుందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరువాత నవ్వు వస్తుంది. ఎందుకుండదు? నాకు దక్కినంత ఫలితం బాన్సువాడ బజార్లో ఇంకెవరికీ దక్కలేదు. దాని కిందే ఏళ్ల తరబడి నలిగాను.

తొంభైల మొదట్లో ఒక బట్టల దుకాణంలో చేరాను. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం, కొనేవాళ్లు లేచి వెళ్లాక అన్నిటినీ మళ్లీ మడతలు పెట్టడం నా పని. విప్పడానికి క్షణం పట్టదు, మడతకే ప్రాణం పోతుంది. అయినా నేను ఊరుకోలేదు. ఎవరూ చెప్పకపోయినా చీరను నా భుజం మీదే వేసుకుని, కుచ్చిళ్లు పట్టి, కొంగు ఎలా పడుతుందో లేచి నిలబడి చూపించేవాణ్ని. తోటివాళ్లు నన్ను వదినె అని ఏడిపించేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం ఆ చీరే కొనుక్కుని వెళ్లేవాళ్లు. మా అత్తగారి ఊరు మహారాష్ట్ర సరిహద్దులో, డోంగ్లి పక్కన కావడంతో నాకు కాస్త మరాఠీ వచ్చు. అటువైపు నుంచి ఎవరైనా వస్తే వాళ్ల మాటలోనే పలకరించి తొమ్మిది గజాల చీరలు తీసేవాణ్ని. సేటు గల్లా దగ్గర కూర్చుని ఇదంతా చూసేవాడు. మెచ్చుకోలు మాత్రం నోట్లోంచి ఊడిపడేది కాదు.

నా భార్య పుట్టింటి ఊళ్లోనే అంగన్‌వాడీలో పనిచేసేది. పెళ్లికి ముందే వచ్చిన పని అది. వదిలేసి రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు, ఎందుకంటే నా ఒక్కడి జీతంతో ఇల్లు గడవదు. అందుకని ఆమె, మా పాప ఇద్దరూ అత్తమ్మ దగ్గరే ఉండిపోయారు, నేను బాన్సువాడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. దుకాణం బంద్ ఉన్న రోజు పొద్దున్నే పిట్లం, బిచ్కుంద మీదుగా బస్సులు మారి వెళ్లేవాణ్ని. ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు తాపీగా వచ్చేవాణ్ని. కాస్త ఆలస్యమైనా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

ఆ సుఖాన్ని నా చేతులారా నేనే చెడగొట్టుకున్నాను. పెళ్లిళ్ల రోజుల్లో ఒకనాడు, పని ఎక్కువగా ఉంటుందని నా అంతట నేనే పెందలాడే దుకాణానికి వెళ్లాను. అప్పటికే ఒక పెళ్లివారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లు పక్క దుకాణానికి పోతారేమోనని పరుగెత్తి సేటు ఇంటి నుంచి తాళంచెవి తెచ్చి, దీపం కూడా పెట్టకముందే మూటలు విప్పాను. పెళ్లికూతురి చీరల దగ్గర్నుంచి పెట్టుబడి చీరల దాకా అన్నీ అక్కడే కొన్నారు. ఆ రోజంతా దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. సాయంత్రం సేటు నన్ను గల్లా దగ్గరికి పిలిచాడు.

"నీ చెయ్యి మంచిగున్నది తమ్మీ. రేపటి సంది బోణీ నువ్వే చెయ్యాలె."

మా సేటుకు బోణీ పూజ కంటే ఎక్కువ. మొదటి బేరం డబ్బు కళ్లకద్దుకుని, లక్ష్మీదేవి పటం ముందు పెట్టి, తరువాతే గల్లాలో వేసేవాడు. మొదట వచ్చినవాళ్లు ఒట్టి చేతులతో పోతే ఆ రోజు ఇక చెడ్డట్టే. నిజానికి ఆ ఏడాది నిజాంసాగర్ కాలువకు నీళ్లు బాగా వచ్చాయి, వరి పండింది, పెళ్లిళ్లు కుదిరాయి. బజారంతా కిటకిటలాడింది. నా చెయ్యి కాదు, కాలువ నీళ్లు అని నాకు తెలుసు. కానీ ఎన్నాళ్లకో దొరికిన మెచ్చుకోలు అది. ఎవరు కాదంటారు?

మర్నాటి నుంచి తాళం తీసేటప్పటికి నేను అక్కడ ఉండాల్సిందే. అత్తగారి ఊరి నుంచి ఆ వేళకు అందుకునే బస్సు లేదు. దాంతో బంద్ రోజున వెళ్లినా పొద్దు వాలకముందే తిరుగుబస్సు ఎక్కేసేవాణ్ని. పాపతో ఆట మొదలుపెట్టేసరికి బస్సు వేళయ్యేది. రానురాను అది నన్ను చూసి, చుట్టం వచ్చాడన్నట్టు తలుపు పక్కన నిలబడడం నేర్చుకుంది. జ్వరమొచ్చినా సేటు మనిషిని పంపేవాడు, ఒక్క బేరం చేసి పోయి పడుకోమనేవాడు. వేరే దుకాణంలో చేరదామంటే, ఒకరి మనిషిని ఒకరు తీసుకోకూడదని వర్తకుల మధ్య కట్టుబాటు. ఇక ఎటు పోను?

మా దుకాణం బోణీ బేరాన్ని వదులుకోదని ఊరందరికీ తెలుసు. నస్రుల్లాబాద్ నుంచి ఒక అవ్వ సరిగ్గా దుకాణం తెరిచే వేళకే దిగేది. తువాలో, రవిక గుడ్డో పట్టుకుని సగం ధరకు అడిగేది. సేటు దూరం నుంచే ఇచ్చెయ్యమని సైగ చేసేవాడు. ఆమె నవ్వుతూ నా తల నిమిరి పోయేది. ఆ బజార్లో నా చేతి వల్ల నిజంగా బాగుపడ్డది ఆ అవ్వ ఒక్కతే.

కొన్నేళ్లకు సేటు మద్నూరులో రెండో దుకాణం పెడుతున్నాడని తెలిసింది. మద్నూరు నుంచి మా అత్తగారి ఊరు ఎంతో దూరం లేదు, సైకిల్ మీద పోయి రావచ్చు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. మరాఠీ వచ్చినవాణ్ని, చీరలు తెలిసినవాణ్ని, నన్ను కాక ఎవరిని పంపుతాడు? నేను వెళ్లాక ఇక్కడ లోటు కనపడకూడదని మిగతావాళ్లకు చీర భుజాన వేసి చూపించడం కూడా నేర్పాను. ఇంట్లో చెప్పేశాను. నా భార్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నేను బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉంది.

సేటును అడిగాను. ఆయన చాలా ప్రేమగా చెప్పాడు.

"నిన్ను పంపిస్తే గీ దుకాణం కూసుంటది తమ్మీ. గా ప్యాంటు గుడ్డలకాడి అన్నను పంపిస్త. ఆయన పోతే ఇక్కడ ఏం ఫరక్ పడదు."

ప్యాంటు గుడ్డల దగ్గరి అన్న మంచివాడే. కానీ చాయ్‌కని వెళితే చాయ్ కాచేవాడు కూడా విసుగెత్తేదాకా తిరిగి వచ్చేవాడు కాదు. ఆయన ఉన్నా లేకున్నా ఒకటే గనక ఆయనకు మద్నూరు, పైగా గల్లా మీద కూర్చునే కొలువు. దున్నే ఎద్దునే పొడుస్తారని మా నాయన ఎప్పుడూ అనేవాడు. ఆ రోజు సేటు మీద కంటే నా మీద నాకే ఎక్కువ మండింది.

ఆ మంటలో, ఈ పాడు చేతి పేరు చెడగొడదామని నిశ్చయించుకున్నాను. మర్నాడు అవ్వ రాగానే మొహం మాడ్చుకుని, పైసా తగ్గదు, కావాలంటే వేరే దుకాణం చూసుకోమన్నాను. గల్లా మీద సేటు గుండె ఆగినంత పనైంది. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, ఎన్నడూ గట్టిగా మాట్లాడనివాడు ఇలా అన్నాడంటే సరుకు నిజంగా మంచిదే అయ్యుంటుందని, చెప్పిన ధరకే రెండు చీరలు కొన్నది. పైగా ఆ రోజు గిరాకీ విపరీతం. సాయంత్రం సేటు నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బాన్సువాడలో బంద్ ఉన్న రోజు చూసి మద్నూరు దుకాణం తెరుస్తూ, అక్కడ మొదటి బోణీ కూడా నా చేత్తోనే కావాలన్నాడు సేటు. బోణీ చేసి రాత్రికల్లా బాన్సువాడ చేరాలి, ఎందుకంటే తెల్లారితే అక్కడా బోణీ ఉంది. నన్ను అక్కడ ఉంచడం లేదన్న మాట అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. రెండుసార్లు ఆ మాట చెబుదామనే వెళ్లి, పాపను ఎత్తుకుని తిరిగి వచ్చేశాను.

కొబ్బరికాయ కొట్టి, పరుపు మీద కూర్చుని తలెత్తి చూస్తే, గడప లోపల నా భార్య నిలబడి ఉంది. పాపకు రెండు జడలు వేసి వెంట తీసుకొచ్చింది. కొత్త దుకాణానికి మొదటి బేరం తనే అవ్వాలని పొద్దున్నే బయలుదేరి వచ్చింది. ఎదురుగా కూర్చుని, మంచం మీద పరిచే చెద్దర్లు చూపించమంది. చిన్నవి తీశాను. పక్కకు నెట్టి, అన్నిటికంటే పెద్దదాని మీద చెయ్యి వేసింది. ముగ్గురు పడుకునే చెద్దరు అది. ఎందుకు కొంటోందో నాకు అర్థమైంది. కట్టి ఇచ్చాను.

సేటు డబ్బు కళ్లకద్దుకుని, ఆమె ఎవరో తెలిసి పొంగిపోయాడు.

"నీ ఇంటాయన చెయ్యి బంగారమమ్మా. గందుకే బాన్సువాడ నుంచి ఎటూ పోనిస్తలేను."

ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె పొట్లం మళ్లీ పరుపు మీద పెట్టింది.

"గట్లయితే గింత పెద్దది మాకెందుకు? చిన్నదియ్యి."

సేటు మొహం పాలిపోయింది. బోణీ సరుకు వాపసు వస్తే దుకాణానికి అంతకంటే అరిష్టం ఉండదు. ఎలాగైనా ఒప్పించమని నాకు సైగ చేశాడు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. పెద్దదే ఉంచుకో, మిల్లు సరుకు, ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదు అన్నాను. బేరానికి వచ్చినవాళ్లతో మాట్లాడే గొంతే అది. కట్టుకున్న భార్యతో ఆ గొంతుతో మాట్లాడడం అదే మొదటిసారి. ఆమె పొట్లం చంకన పెట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ రోజు మద్నూరులో గిరాకీ బ్రహ్మాండం. నేను పొద్దు వాలకముందే బస్సెక్కాను.

తరువాత ఎప్పుడు వెళ్లినా ఆ చెద్దరు మంచం మీద కనిపించేది. సగానికి మడిచి, తనకూ పాపకూ సరిపోయేటట్టు పరిచేది. నేను చెప్పినట్టే చాలా ఏళ్లు దాని రంగు పోలేదు.