ముప్పై నాలుగు మెసేజ్‌లు

చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఆ ఏడు వేసవి సెలవుల్లో ఊరికే కూర్చోలేక ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. సొంత సర్వర్ లేకుండా క్లౌడ్‌లో చిన్న ప్రోగ్రాం పెట్టడం నేర్పారు. ఎవరైనా పిలిస్తే అది లేస్తుంది, చెప్పిన పని చేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఈ సంగతి మా పాస్టరు గారికి చెబితే, "అయితే మన సంగంలో సగం మంది లాగేనేటమ్మా," అన్నారు. కాసేపు ఆలోచించి, రక్తదానం కోసం అలాంటిదొకటి చేసిపెట్టమన్నారు.

బడులు తెరిచాక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కాగితం తిప్పితే నాతో కలిపి ముప్పై నాలుగు మంది పేర్లు, ఫోన్ నంబర్లు, బ్లడ్ గ్రూపులు రాశారు. నేను చేసింది చాలా చిన్నది. రక్తం కావలసినవాళ్లు ఫోన్లో ఒక పేజీ తెరిచి, ఏ గ్రూపో, ఏ ఆసుపత్రో, తమ నంబరేదో నింపి బటన్ నొక్కాలి. మెసేజ్ అందరికీ వెళుతుంది. గ్రూపు కలిసినవాళ్లు బయలుదేరతారు. నొక్కిన మనిషికి "మీ కబురు ముప్పై నాలుగు మందికి పంపాం. దయచేసి ఉన్నచోటే ఉండండి" అని కనిపిస్తుంది. ఆ రెండో వాక్యం నేనే కలిపాను. రక్తమిచ్చేవాళ్లు తీరా వెళ్లాక మనిషి దొరక్కపోతే ఎలా అని నా బాధ. ఆ వాక్యం మీద కాస్త గర్వం కూడా ఉండేది.

పరీక్షించేటప్పుడు ఉత్తుత్తి కబుర్లతో జనాన్ని హడలగొట్టకూడదు కదా. అందుకని మెసేజ్‌లన్నీ నా ఫోనుకే వచ్చేలా ప్రోగ్రాంలో ఒక లైను రాసుకున్నాను. అందరికీ ఇచ్చేముందు ఆ లైను తీసెయ్యాలి. తీసెయ్యలేదు. శనివారం మధ్యాహ్నం, మేడ మీద సిగ్నల్ బాగుంటుందని ల్యాప్‌టాప్ పట్టుకుని ఎక్కి, ఎండను తిట్టుకుంటూ క్లౌడ్‌లో పెట్టేశాను. ఒకసారి నొక్కి చూశాను. నా ఫోను మోగింది. నా పేరూ జాబితాలో ఉంది కాబట్టి ఇంకేం, అయిపోయిందనుకున్నాను. ఎన్ని వచ్చాయో చూడలేదు.

మంగళవారం మూడో పీరియడ్‌లో టేబుల్ మీద ఫోను వణకడం మొదలెట్టింది. వారం రోజులుగా నా టెస్టులతో అది అలా వణుకుతూనే ఉంది. రక్తం అన్న మాట కనిపించింది. సిగ్నల్ దొరక్క ఆగిపోయిన పాత మెసేజ్‌లు ఇప్పుడు దిగుతున్నాయనుకుని, ఫోను బోర్లా పెట్టి పాఠం చెప్పుకున్నాను.

మధ్యాహ్నం అన్నం బాక్సు తెరిచాక చూశాను. ఓ నెగటివ్. అనకాపల్లిలో ఒక ఆసుపత్రి. కాన్పు, అర్జెంటు. ఒకే కబురు, ముప్పై నాలుగు సార్లు. టెస్టుల్లో నేను ఎప్పుడూ ఓ నెగటివ్ అని రాయలేదు. కిటికీ అవతల చెరకు లారీ దారివ్వక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. అవి వింటూ ఆ నంబరుకు ఫోన్ చేశాను.

"ఇంకక్కర్లేదమ్మా," అని ఎవరో మగమనిషి పెట్టేశాడు.

నేను అన్నం తిన్నాను. సిగ్గులేకుండా మొత్తం తిన్నాను. సాయంత్రం ఇంటికెళ్లి ఆ లైను తీసేశాను. నిమిషం పట్టింది. జాబితా తెరిస్తే ఓ నెగటివ్ వాళ్లు ఇద్దరున్నారు. అందులో ఒకాయన పనిచేసేది అనకాపల్లిలోనే. ఏడుపు వస్తుందేమోనని మంచం మీద కూర్చున్నాను. రాలేదు. ఏమీ అనిపించకపోవడం చూసి మాత్రం భయం వేసింది.

పాస్టరు గారికి చెప్పాను. ఆ కబురు పంపినాయన భార్య పోయిందని అప్పటికే ఆయనకు తెలిసింది. "నువ్వే ఎల్లి ఆయనతో సెప్పాలమ్మా," అన్నారు. చెబుతానన్నాను. రోజూ రేపు వెళదామనుకున్నాను.

నెల తిరిగాక ఆయనే స్కూలుకు వచ్చాడు. మాడుగుల రోడ్డులో ఊరు, చెరకు రైతు. ఇది చేసిందెవరో పాస్టరు గారిని అడిగి తెలుసుకున్నాడట. కూర్చోమంటే కూర్చోలేదు.

"పాప మా అత్త కాడుంది టీచరమ్మా, బాగుంది," అన్నాడు, నేను అడక్కుండానే. "ఆ దినం గేటు కాడే నిలబడ్డాను. వైజాగ్ ఎల్లి తెచ్చుకోమని ఒకలు సెప్పేరు, బండి కూడా ఇస్తానన్నారు. నాను ఎల్లలేదు. ఉన్న సోటే ఉండమని రాసేరు కదా. అంతమందిలో ఒకలైనా రారేటి అనుకున్నాను."

ఒక్కరికి కూడా వెళ్లలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచాను.

"ఎవుల్నీ ఏటీ అననమ్మా. ఎవుల పన్లు ఆలకి ఉంటాయి," అన్నాడు. "నాది బి పాజిటివ్ అంట. నా పేరు కూడా రాసుకోండి. పిలిస్తే నాను ఒస్తాను."

"నంబరు చెప్పండి," అన్నాను.

ఒక్కొక్క అంకే చెప్పాడు, ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే కొట్టాను. పనిచేస్తందో లేదో ఓపాలి సూడమన్నాడు. ఆయన ఒక్కడికే వెళ్లేలా ఒక టెస్ట్ మెసేజ్ పంపాను. చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి, మొత్తం చదువుకున్నాడు.

"ఒచ్చిందమ్మా," అన్నాడు. "బేగే ఒచ్చింది."