కాగితం తొక్కని కాలు

మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. నిజమే. అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడలేను. బస్సు కోసం స్టాపులో కూర్చోలేను. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు ఎక్కం చదువుతూ ఎక్కడైనా ఆగితే, వాళ్లకు గుర్తొచ్చే లోపలే నేనే చెప్పేస్తాను. అలాంటిదాన్ని ఒక జత బూట్ల కోసం ఐదు నెలలు కాచుకుని కూర్చున్నాను. బూట్లు నాకు కాదు, మా నాయనకు.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. గుంత మగ్గం. గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, కింద ఉన్న పలకల్ని ఎక్కువగా కుడికాలితోనే తొక్కుతూ నలభై ఏళ్లకు పైగా నేశాడు. ఎడమకాలు అందరి కాలులాగే ఉంటుంది. కుడికాలు మాత్రం వెడల్పై, వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. దానికి తోడు చక్కెర జబ్బు. పాదాల్లో స్పర్శ దాదాపు పోయింది. రెండేళ్ల కిందట ముదిగుబ్బ దగ్గర మా మేనత్త వాళ్ల చేనికి పోయి వచ్చిన రోజు అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంటే ఆయనకు తెలియనే లేదు. గడపలో నెత్తురు అడుగులు చూసి మా అమ్మ కనిపెట్టింది.

ఆ పుండు మానడానికి ఆర్నెల్లు పట్టింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఇంకో పుండు పడితే కాలు దక్కించుకోవడం కష్టం. పాదమంతా కప్పే మెత్తటి తోలు బూట్లు వేయించండి. ఎక్కడా బిగువు ఉండకూడదు." ఆ మాట విన్నప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలిచింది లేదు.

ధర్మవరంలో అడిగాను, అనంతపురంలో అడిగాను, చివరికి పుట్టపర్తిలో కూడా అడిగాను. ఎడమకాలికి సరిపోయినవి కుడికాలికి ఎక్కవు, కుడికాలికి ఎక్కినవి ఎడమకాలికి ఊడిపోతాయి. ఒక షాపులో అయితే, "ఏం కాదులేక్కా, రెండ్రోజులు తొడిగితే అదే సాగుతాది," అన్నాడు. నా ఒళ్లు మండింది. సాగేలోపల కాలు పోతే నువ్విస్తావా అని అడిగి బయటికొచ్చేశాను.

ఒకరోజు ఫోన్లో వెతుకుతుంటే పోర్చుగల్‌లో ఒకాయన కనిపించాడు. ఏ కాలికి ఆ కాలు విడిగా కొలుచుకుని, చేత్తో బూట్లు కుట్టి పంపుతాడట. ఈమెయిల్ రాశాను. వాళ్లకు పొద్దున ఎప్పుడవుతుందో లెక్కగట్టుకుని మరీ జవాబు కోసం చూశాను. ఆయన నెమ్మదైన మనిషి. మూడో రోజుకు, కొలతలు తీసే పద్ధతి బొమ్మలతో సహా పంపాడు. తెల్ల కాగితం నేలమీద పరచాలి. మనిషి రెండు కాళ్లమీద సమానంగా బరువు వేసి దాని మీద నిలబడాలి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయాలి.

ఆ సాయంత్రమే కాగితం పరిచాను. నాయన దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కాగితం తొక్కమంటావా?"

"తొక్కేది కాదు నాయనా, నిలబడేది."

"నిలబడినా తొక్కినట్లే. సరస్వతమ్మ తల్లి గదా పాపా అది."

"రాతా గీతా ఏమీ ల్యాదు. ఉత్త కాగితం."

"నీ బళ్లో పిల్లోళ్లు పుస్తకానికి కాలు తగిలిస్తే ఏం చేయమంటావు?"

కళ్లకు అద్దుకోమంటాను. అద్దుకోని వాణ్ని నిలబెట్టి మరీ అద్దిస్తాను. ఆ సంగతి ఆయనకు తెలుసు.

అరగంట వాదించాను. గొంతు పెంచాను. కాలు ముఖ్యమా కాగితం ముఖ్యమా అన్నాను. ఆయన మగ్గం దగ్గరికి పోయి గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలేశాడు. మాట పూర్తయిందని దాని అర్థం. నాకు అక్కడ ఒక ఉపాయం తట్టింది. గుంతలోకి దిగి, అట్టకు కాగితం అంటించి, కింది నుంచి ఆయన అరికాలికి ఆనించాను.

నాయన నవ్వాడు. "నేనైతే తొక్కలా. నువ్వే తెచ్చి ఆనిస్తాండావు. పాపమేదన్నా ఉంటే నీదే."

"నాదేలే. కదలొద్దు."

గాలిలో వేలాడుతున్న ఒక్కో పాదం చుట్టూ గీశాను. బరువు లేని పాదం. అది సరైన కొలత కాదని గీస్తున్నప్పుడే నాకు తెలుసు. ఎంత తేడా వస్తుందిలే అనుకున్నాను. పోర్చుగల్ ఆయన పంపిన పత్రంలో చివరి ప్రశ్న, నిలబడే కొలిచారా అని. కొలిచామని టిక్కు పెట్టి, గీతల ఫొటోలతో ఆ రాత్రికే పంపేశాను.

ఆ తర్వాతి ఐదు నెలలు ఇంట్లో నన్ను భరించినవాళ్లకు దండం పెట్టాలి. తోలు కోశారట, అడుగు కుట్టారట అని ఫొటోలు వచ్చేవి. వాటిని టీచర్లందరికీ చూపించేదాన్ని. పార్సిలు బయలుదేరాక మరీ అన్యాయం. బ్లాక్‌బోర్డు మీద భాగహారం వేసి, పిల్లలు చేసుకునే లోపల ఫోన్ చూసుకునేదాన్ని. కస్టమ్స్‌లో పది రోజులు ఆగింది. పోస్టాఫీసులో రోజూ అడుగుతుంటే అక్కడున్న పెద్దాయన, "నువ్వు వచ్చినంత మాత్రాన అది ఎగిరి రాదు గదమ్మా," అన్నాడు.

వచ్చాయి. ముదురు గోధుమ రంగు, చీలమండ దాకా, లోపల గొర్రెతోలు. ఒకటి సన్నం, ఒకటి వెడల్పు. అంత అందమైన వస్తువు మా ఇంట్లో చీర తప్ప మరొకటి ఉండి ఉండదు. నాయన మేజోళ్లు తొడుక్కుని కాళ్లు పెట్టాడు. ఎడమది సర్రున దిగింది. కుడిది కాస్త తోశాక దిగింది.

"బిగువుగా ఉండాదా నాయనా?"

"ల్యాదు పాపా. బాగుండాది."

స్పర్శలేని కాలిని పట్టుకుని బిగువుగా ఉందా అని అడిగాను. అడగడానికి నాకూ బుద్ధి ఉండాలి. కానీ ఆ క్షణాన నాకు కావలసిన జవాబు అదే.

ఆయన వాటితో వీధిలో నడిచాడు. టీకొట్టు దగ్గర, "ఏమప్పా, ఎస్సై అయినావా?" అని ఎవరో ఆటపట్టిస్తే, "మా పాప వేయించింది, సముద్రం దాటి వచ్చినాయి," అన్నాడట. నేను ఫొటో తీసి పోర్చుగల్‌కు పంపాను. వెంటనే జవాబు వచ్చింది. కుడి బూటు పక్కన తోలు ఉబ్బినట్టుంది, నడిచి వచ్చాక బూటు విప్పి చిటికెన వేలి దగ్గర ఎర్రగా ఉందేమో చూడమని రాశాడు. తను కుట్టిన బూటుకు తనే వంక పెడతాడేమిటి అని నాకు విసుగొచ్చింది. అంతా బాగుందని రాసి పంపాను. చూడలేదు.

పన్నెండో రోజున మా అమ్మ మేజోళ్లు ఉతుకుతూ నన్ను పిలిచింది. కుడి మేజోడు మీద రూపాయి బిళ్లంత మరక. అప్పుడు బయటపడింది, నాయన కుడికాలికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని, జారించి బూటు ఎక్కిస్తున్నాడని.

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"కొత్త తోలు గదా, సాగుతాదిలే అనుకున్యా. నొప్పేమీ ల్యాకపాయె. నువ్వు అంత ఆశపడి తెప్పిస్తివి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనంతపురం పరుగెత్తాం. కాలు దక్కింది. చిటికెన వేలు దక్కలేదు. ఆపరేషన్ గది బయట ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ, నేను పెట్టిన ఆ ఒక్క టిక్కును ఎన్నిసార్లు తలచుకున్నానో చెప్పలేను. నామీద నాకే అసహ్యం వేసింది.

గాయం మానాక పోర్చుగల్ ఆయనకు రాశాను. కొలత తప్పు, నిలబెట్టి గీయలేదు అని మాత్రం ఒప్పుకున్నాను. వేలి సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ గీసి పంపండి, కుడిది కొత్తగా కుడతాను అన్నాడు.

మళ్లీ కాగితం దగ్గరికొచ్చింది వ్యవహారం. ఈసారి నేను పరచలేదు. నాయన పక్కన కూర్చుని, ఎట్లా చేద్దాం అని అడిగాను.

ఆయన ఆలోచించను కూడా లేదు. లేచి నడవలోని నల్లబండ మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాడు. "నీ సంచిలో సుద్దముక్క ఉంటాది గదా. బండ మీద గీయి. పైన పల్చని కాగితం పరిచి అచ్చు తీసుకో. మేము చీరల బుటాలు అట్లనే గదా దించేది."

"ఇది అప్పుడే చెప్పుంటే?"

"నువ్వు అడగలా పాపా. కాగితంతోనే వస్తివి."

నేను మోకాళ్ల మీద కూర్చుని సుద్దముక్కతో మెల్లగా గీశాను. నా జన్మలో అంత మెల్లగా ఏ పనీ చేయలేదు. ఆయన పక్కకు తప్పుకున్నాక, కుడికాలి పాత కాగితాన్ని గీత వెంబడి కత్తిరించి, సుద్ద గీత మీద పెట్టి చూశాను. చుట్టూ అరవేలి మందాన సుద్ద గీత బయటికి కనిపించింది, ఒక్క చిటికెన వేలి దగ్గర తప్ప.

అచ్చు తీసి పంపిన వారానికి పోర్చుగల్ నుంచి జవాబు వచ్చింది. ఎడమకాలి గీత స్పష్టంగా ఉంది. కుడికాలికి బయటి వైపున గీత ఉన్నట్టుండి లోపలికి పోయింది. చెయ్యి జారిందా, మళ్లీ గీస్తారా?

నాయన మగ్గం మీద నుంచే అడిగాడు. "ఏమంటాండాడు?"

"గీత సరింగా ఉండాదా అని అడుగుతాండాడు."

"సరింగానే ఉండాదని చెప్పు. ఈసారి నిలబడే గీయించుకున్యా."