మా మామ కాల్చనియ్యని కాగితం

మా మామ పోయిన శుక్రవారం పొద్దున కాలం చేసిండు. మామ అంటే మా ఆయన నాయిన. చాయ్ తాగి, గ్లాసు గోడ పక్కకు పెట్టి, కుర్చీల వెనకకు ఆనుకొని కూసున్నడు. గ్లాసు తీసుకపోదామని నేను వచ్చి చూస్తే నిద్రపోయినట్టే ఉన్నడు. గ్లాసు ఇంకా వెచ్చగనే ఉన్నది.

బీదర్ స్టాండు డ్రైవర్లు ఆయన యాదిల చిన్న పుస్తకం వేస్తరట. కొందరు కన్నడల, కొందరు తెలుగుల రాస్తుండ్రు. మా ఇంటి తరఫున ఎవరు రాస్తరని అడిగితే మా ఆయన నా దిక్కు చూసిండు. మా ఇంట్ల అందరు మాట్లాడేది తెలుగే గని, చదువుకున్నది కన్నడ బడిల. తెలుగు రాయొచ్చేది నాకొక్కదానికే. నేను తెలంగాణ దిక్కు పల్లెల పుట్టిన, అయిదో తరగతి దాక చదివిన. నా అక్షరాలు కోడి గెలికినట్టుంటయి. ఒత్తు ఎక్కడ పెట్టాలెనో, దీర్ఘం ఎక్కడ తియ్యాలెనో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే మన్నించండి.

ఇంకొక సంగతి కూడ ముందే చెప్పాలె. నేను ఏ కాగితం రాసినా చివర "చదివినాక కాల్చేయండి" అని రాసేదాన్ని. మా అమ్మమ్మ వేరేటోళ్లతోని రాయించే ఉత్తరాలల్ల ఆ మాట ఉండేది, అక్కడ పట్టుకున్న. పెండ్లయిన కొత్తల మా అమ్మకు పచ్చడి సీసాతోని చీటీ పంపినా అదే మాట. రహస్యం ఏం ఉండదు. నా రాత నలుగురి కండ్ల పడొద్దని సిగ్గు, అంతే.

మా మామ సర్కారు బస్సు డ్రైవరుగ చేసి రిటైరయిండు. పొడుగు మనిషి. ఇంట్ల నడిస్తే ప్రతి గుమ్మం కాడ తల వంచేటోడు, వంచే అవసరం లేని కాడ కూడ. పొద్దున లేస్తనే బండి అద్దాలు తుడిచేటోడు. అద్దం తుడిస్తె సగం తొవ్వ నడిచినట్టే అనేటోడు. ఎవరి బండి ఎక్కినా, అది చాలు అయి కదలంగనే ఒక్కసారి కండ్లు మూసుకునేటోడు. దేవునికి మొక్కుతుండేమో అనుకున్న చాన్నాళ్లు. అడిగితే మా ఆయన నవ్విండు. "మీటరు చెప్పేది సగం, మిగతాది సీటు చెప్తది" అన్నది మా మామ మాట. ఆయన సీటు చెప్పేది వింటుండెనట.

నేను మా మామ ముందల నిలబడి మాట్లాడలేదు. మా దిక్కు కోడండ్లు మాట్లాడరు. అందుల నాకు సిగ్గు ఎక్కువ. చాయ్ గ్లాసు గడప మీద పెట్టి గాజులు కదిపేదాన్ని. ఆయన చిన్నగ దగ్గేటోడు. ఉప్పు ఎక్కువైతే గోడతోని చెప్పేటోడు, "ఇయ్యాల సముద్రం మన ఇంటికే వచ్చినట్టున్నది" అని. నేను తలుపు చాటున నవ్వుకునేదాన్ని. మూడేండ్లు అట్లనే గడిచింది, ఇద్దరికి ఏం తక్కువ కాలేదు.

తర్వాత మా ఆయన కొత్త బండి కొన్నడు, ఏడుగురు కూసునేది. బీదర్ నుంచి బసవకళ్యాణ్ దాక జనాలను తీసుకపోవడానికి. దాని మీటర్ల ముల్లు లేదు. సెల్‌ఫోన్ లెక్క నల్లటి డిస్‌ప్లే ఉన్నది. స్పీడు, డీజిలు, బ్రేకు లైటు, అన్నీ దాంట్లనే కనపడుతయి. ఆ దసరాకు ఆయుధపూజ నేనే చేసిన. స్టీరింగుకు పసుపు రాసిన, డిస్‌ప్లే నడిమిట్ల కుంకుమ బొట్టు పెట్టిన. మా ఆయన కొట్టిన కొబ్బరికాయ నీళ్లు చిప్పల పట్టి, బండి లోపల కూడ చల్లిన. మనసు నిండ చల్లిన, నిజం చెప్పాలంటే కొంచెం ఎక్కువనే చల్లిన.

పది దినాలకు డిస్‌ప్లే నల్లబడ్డది. కొంచెం సేపటికి అదే వచ్చింది. మళ్ల రెండు దినాలకు పోయింది. షోరూముకు తీసుకపోతే అక్కడి సారు డిస్‌ప్లే అంచుల ఉన్న పసుపు చూసి, లోపలికి నీళ్లు పోయినయి, ఇది మీ తప్పు, గ్యారంటీ రాదన్నడట. మా ఆయన వచ్చి మెల్లగనే చెప్పిండు. గని మా అత్త పక్కింటోళ్లతోని, "మా కోడలు బండికి తలంటు పోసింది" అని చెప్పింది. వాళ్లు నవ్విండ్రు. ఆమె మనసు చెడ్డది కాదు, నవ్వులాటకే అన్నది. అయినా ఆ మాట మా గల్లీల చాలా దినాలు తిరిగింది. నీళ్ల బిందె ఎత్తుకొని పోతుంటే, బండి పక్క నుంచి పోకు అని ఒకామె అన్నది. నేను ఆ బండిని ముట్టుడు మానేసిన. నా చేతితోని ఇంటికి నష్టం చేసిన్నని లోపల్లోపల ఏడ్చిన.

ఒక ఆదివారం చుట్టాల ఇంట్ల పెండ్లికి అందరం అదే బండ్ల బసవకళ్యాణ్ పోయినం. వచ్చేటప్పుడు తొవ్వల జామకాయలు కొనడానికి ఆగినం. మళ్ల చాలు చేసి కొంచెం దూరం పోయినమో లేదో, డిస్‌ప్లే నల్లబడ్డది. మా ఆయన ఒక చేత్తోని దాన్ని కొడుతుండు, కండ్లన్నీ దాని మీదనే. ఎదురుంగ చెరుకు లారీ వస్తాంది. వెనక సీట్ల నుంచి మా మామ గొంతు వచ్చింది. గట్టిగ అనలేదు.

"బొమ్మ దిక్కు చూడకు. తొవ్వ దిక్కు చూడు."

మా ఆయన తల ఎత్తి, బండి పక్కకు తీసిండు. లారీ పోయింది. మా మామ వెనక నుంచి, ఇప్పుడు యాభైల ఉన్నవు, తగ్గించు, ఇప్పుడు నలభై, మంచిగుంది, అనుకుంట ఇంటి దాక వచ్చిండు. నడుమ ఒకసారి డిస్‌ప్లే వెలిగితే నలభై ఒకటి అని చూపెట్టింది. "అది ఒకటి ఎక్కువ చూపెడ్తుంది" అన్నడు మా మామ. మా అత్త కూడ నవ్వింది.

ఇంటికి వచ్చినంక, బాగయ్యే దాక జనాలను ఎక్కించొద్దన్నడు. మా ఆయనకు కోపం వచ్చింది. ఇంజను మంచిగున్నది, ఉత్త డిస్‌ప్లేకు భయపడుతమా అన్నడు. మా మామ చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల ఉన్నది: "జనాన్ని కూసోబెట్టుకున్నంక నీ ధైర్యం నీ ఒక్కనిది కాదు." ఆ మాట మీద బండి ఇంటి ముందల నిలబడ్డది. అది నిలబడ్డ ప్రతి దినం నాకు నా చెయ్యే యాదికొచ్చేది.

ఒక వారం తర్వాత మా మామ స్టాండు నుంచి వచ్చి, కుర్చీల కూసొని, గోడతోని మాట్లాడినట్టు మాట్లాడిండు. నిర్ణా ఊరి నుంచి వచ్చే ఒక భాయికి అదే కంపెనీ, అదే బండి ఉన్నదట. ఆయనది కూడ అట్లనే నల్లబడుతుందట. ఆయన సాయిబు, వాళ్లు బండికి పూజ చెయ్యరు.

"మరి ఆయన బండికి ఎవరు కొబ్బరినీళ్లు పోసిండ్రు?" అన్నడు మా మామ.

తలుపు చాటున నేను చాట పట్టుకొని బియ్యం ఏరుతున్న. చేతులు ఆగిపోయినయి.

మరుసటి దినం నుంచి ఆయన రోజు స్టాండుకు పోయి, అట్లాంటి బండి ఉన్నోళ్లను వెతికి అడిగేటోడు. సాయంత్రం వచ్చి చెప్పేటోడు, తలుపు చాటు నుంచి నేను రాసేదాన్ని. ఎవరి బండి, ఏ తొవ్వల నల్లబడ్డది, వాననా ఎండనా, ఎంతసేపటికి వచ్చింది. ఒకాయన ఇది బ్యాటరీ పని అన్నడని చెప్పుకుంట, నేను రాస్తున్న చప్పుడు విని ఆగిండు. "బిడ్డా, వాళ్లు అనుకున్నది రాయకు. వాళ్లు చూసింది రాయి." నేను ఆ వరుస కొట్టేసిన. ఇప్పుడు ఈ నాలుగు మాటలు కూడ అట్లనే రాద్దామని చూస్తున్న.

ఏడు బండ్లయినయి. ఆ దినం రాసింది మొదటి నుంచి చదువుకుంటుంటే నాకొకటి కనపడ్డది. హుమ్నాబాద్ కాడ చాయ్‌కు ఆగినంక. డీజిలు పోయించుకున్నంక. పిల్లలను దింపినంక. మాది జామకాయలు కొన్నంక. అన్నీ బండి బందు పెట్టి, జల్ది మళ్ల చాలు చేసినప్పుడే. గాజులు కదిపితే ఇది చెప్పరాదు. తలుపు చాటు నుంచే నోరు తెరిచిన.

"మామా, అందరిది ఆగి మళ్ల చాలు చేసినంకనే పోయింది."

కుర్చీ తలుపు దిక్కు జరిగిన చప్పుడు వచ్చింది. నేను తప్పు చేసిన్నేమో అనుకున్న. ఆయన, "ఇంకొకసారి చదువు బిడ్డా" అన్నడు. చదివిన. "నేను అందరి నోట విన్న గని నాకు దొరకలేదు. రాసినందుకు నీకు దొరికింది" అన్నడు. మూడేండ్లల్ల మేము ఎదురుబొదురు మాట్లాడిన మొదటి మాటలు అవే. నడుమ తలుపు ఉన్నా సరే.

ఆ కాగితం తీసుకొని షోరూముకు పోదామన్నడు. రాసింది తెలుగుల. అక్కడి సారుకు తెలుగు చదువరాదు, మా మామకు రాదు, మా ఆయనకు రాదు. నేనే పోవాలె, నేనే చదవాలె. షోరూము అద్దాల గదిల చల్లగున్నది. కొంగు తల మీదికి లాక్కొని, తల ఎత్తకుండ చదివిన. నేను ఒక్క వరుస చదివితే మా మామ దాన్ని కన్నడల చెప్పిండు. సారు మొదట ఫోన్ చూసుకుంట విన్నడు. మూడో బండి కాడ ఫోన్ పక్కకు పెట్టిండు. ఆగి మళ్ల చాలు చేసే సంగతి వచ్చినంక కాగితం, పెన్ను తీసిండు.

నేను ఆగకుండ చదువుకుంట పోయిన. ఆగితే మళ్ల గొంతు రాదని భయం. అట్ల పోయి పోయి, అలవాటుగ కింద రాసిన వరుస కూడ చదివేసిన. "చదివినాక కాల్చేయండి."

మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. నాకు భూమిల పోదామనిపించింది. మా మామ మొహం ఏం మారకుండ కన్నడల చెప్పిండు. నాకు అప్పటికి వంటింటి కన్నడ వచ్చు గనక అర్థమైంది. ఈ కాగితం భద్రంగ పెట్టుకోండి అంటుంది మా కోడలు, అన్నడు.

సారు దాన్ని జిరాక్సు తీసుకొని కంపెనీకి పంపుతనన్నడు. అసలు కాగితం మా మామ మడిచి జేబుల పెట్టుకున్నడు.

ఉగాది దాటినంక మా ఆయన ఫోన్‌కు కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. ఆ తీరు బండ్లన్నిటిని వెనకకు పిలుస్తున్నరట, మీటరు సాఫ్ట్‌వేర్ల తప్పున్నదట, ఊరికెనే సరిచేసి ఇస్తరట. మేము పంపిన కాగితంతోనే అయిందని నేననను. ఎన్ని ఊర్ల నుంచి ఎంతమంది చెప్పిండ్రో. మా మామ బండితోని పాటు పోయి దగ్గర కూసున్నడు. లాప్‌టాపుకు ఒక వైరు పెట్టిండ్రట, కొంచెం సేపటికి తీసేసిండ్రట. "ఒక్క బోల్టు విప్పలేదు" అని ఇంటికి వచ్చి రెండు దినాలు అదే చెప్పిండు. ఆయనకు అది పని లెక్క అనిపించలేదు.

ఆ సాయంత్రం మా అత్త, పక్కింటోళ్లు అరుగు మీద కూసున్నరు. నేను చాయ్ గ్లాసు గడప మీద పెట్టి గాజులు కదిపిన. మా మామ దగ్గలేదు. లేచి గడప దాక వచ్చి, అందరు వినేటట్టు చెప్పిండు.

"నీళ్లతోని చెడలేదు. ఆ తప్పు కంపెనీల తయారైన దినమే దాంట్ల ఉన్నది. మా కోడలి చేతిల తప్పు లేదు."

మా అత్త గ్లాసు దిక్కు చూసుకుంట, "నేనేదో నవ్వులాటకు అన్న" అన్నది. తర్వాత లేచి వచ్చి నా చేతిల నుంచి పళ్లెం తీసుకొని, తనే అందరికి చాయ్ ఇచ్చింది.

మరుసటి దసరాకు బండికి పూజ చెయ్యమంటే నేను వెనకకు జరిగిన. మా మామ పూజ పళ్లెం తనే పట్టుకొని బండి పక్కన నిలబడ్డడు. "బొట్టు పెట్టు బిడ్డా. నీళ్లు మాత్రం టైర్లకు పొయ్యి" అన్నడు. పెట్టిన. అద్దాలు తుడిచినప్పుడు కూడ ఆయన ఆ బొట్టును ముట్టేటోడు కాదు. అదే ఎండి, మాసి, పోయింది.

నిన్న ఆయన లైసెన్సు సంచి తీసినం. తోలు సంచి, బస్సు నడిపే కాలం నాటిది. దాంట్ల ఆయన బ్యాడ్జి ఉన్నది, దాని వెనక మడత పెట్టిన ఆ కాగితం ఉన్నది. మడతల కాడ చినిగితే లోపలి దిక్కు టేపు వేసిండు. ఏడు బండ్లు అట్లనే ఉన్నయి, నా కోడి గెలుకుళ్లు అట్లనే ఉన్నయి. మా మామకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు. గని చివరి వరుస ఏదో ఆయనకు ఎరికే, ఆ దినం నా నోట విన్నడు గద. దాని మీద నీలం పెన్నుతోని ఒక గీత కొట్టిండు. తొందర లేకుండ, ఈ కొస నుంచి ఆ కొస దాక, తిన్నగ.