ఆరు మార్కుల ధైర్యం

భయానికి కూడా బేరమాడిన మొనగాణ్ణి నేను. ఉన్నదాంట్లో ముప్పాతిక దాకా తగ్గించాను. మొయినాబాద్ బస్సు రోడ్డు మీదున్న ఒక పళ్ల దవాఖానలో, నోరు మెదపకుండా, ఒక్క పెన్నుతో.

చేవెళ్లలో మాది బట్టల దుకాణం. గిరాకీ ఒకే చీరను రెండోసారి ముట్టుకుంటే ఇక ధర దించనక్కర్లేదని బాపు నేర్పాడు. "అక్కర కండ్లల్ల కనబడ్డదంటే వాడు మనోడేరా," అనేవాడు. అందుకే ఎక్కడ ఏం కొన్నా నా మొహంలో ఏమీ కనబడనివ్వను.

ఎడమ దవడ పన్ను వారం రోజులు నిద్రపోనివ్వకపోతే ఆ దవాఖానకు వెళ్లాను. లోపలికి పిలిచే ముందు ఒక కాగితం ఇచ్చారు. ఐదు ప్రశ్నలు. రేపు పంటి వైద్యం ఉందంటే ఎంత భయం, ఇక్కడ కూర్చుంటే ఎంత, పన్ను తొలిచే మిషన్ అంటే ఎంత, పళ్లు శుభ్రం చేయడమంటే ఎంత, చిగురుకు సూది అంటే ఎంత. అసలు లేకపోతే ఒకటి, తట్టుకోలేనంత ఉంటే ఐదు.

అప్పటికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. లోపల మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా, తర్వాత నన్నే పిలుస్తారని బయటి తలుపు ఎంత దూరమో చూసుకుంటున్నాను. కానీ ఎంత భయం చూపిస్తే అంత ధర వేస్తారని నా లెక్క. వరసగా ఒకట్లు పెట్టాను. అన్నీ ఒకట్లయితే నమ్మరని, శుభ్రం చేసేదానికి మాత్రం రెండు వేశాను. వందను తొంభై తొమ్మిదని రాసే వంశం మాది. మొత్తం ఆరు.

డాక్టరమ్మది మా మేనకోడలి వయసు. ఎక్స్‌రే చూసి, కాగితం చూసింది.

"నరందాక పోయింది అంకుల్. ఇప్పుడు రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తది. లేటైతే తీసుడే. మీకు భయం లేదు గద, ఇయ్యాల్నే షురూ చేద్దామా?"

ధర అడిగాను. తగ్గించమన్నాను. కొంత తగ్గించింది. గెలిచినవాడిలా కుర్చీ ఎక్కాను.

కుర్చీ వెనక్కి వాలింది. లైటు కళ్లలో పడింది. ఆమె కుడిచెయ్యి నాకు కనబడకుండా వస్తోందంటే అందులో ఏముందో తెలిసిపోయింది. నోరు తెరిచాను. చల్లనిదేదో చిగురుకు తగిలింది. చూస్తే ఆమె మణికట్టు నా పిడికిట్లో ఉంది.

"అంకుల్, చెయ్యి ఇడువుండ్రి."

"దుకాణంల గిరాకీ ఆగి ఉన్నది మేడం. మల్లొస్త."

రోడ్డు మీదికొచ్చి, ఆగిన బస్సు ఎక్కేశాను.

"యాడికన్నా?" అన్నాడు కండక్టరు.

"చేవెళ్ల."

"ఇది మెహదీపట్నం పోతది. ముందుగాల మెడకున్నది తీయరాదా?"

మెడకు దవాఖాన వాళ్లు కట్టిన నీలం కాగితం అట్లాగే ఉంది.

మళ్లీ వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ లవంగాలు, కుడివైపు నమలడం. చివరికి ఎడమ కన్ను మూసుకుపోయేంత వాపు.

"ఇగ నిలవది. తియ్యాలె," అంది డాక్టరమ్మ.

"సగమన్న మిగుల్తదేమో చూడరాదా మేడం?"

"గీ బేరం నాతోని కాదు అంకుల్, చీముతోని ఆడుండ్రి." పాత కాగితం తీసింది. "ఆరు రాసినోళ్లు గట్ల ఉరకరు. ఎందుకు తక్కువ రాసిండ్రు?"

"ఎక్కువ రాస్తే ఎక్కువ గుంజుతరనుకున్న."

ఆమె నవ్వలేదు. "ఎక్కువ రాస్తే మొదటి దినం ఉత్తగ మాట్లాడి పంపిస్తుంటి. చెయ్యి లేపినప్పుడల్లా ఆపుతుంటి. దానికి పైసలు తీసుకోను."

మందులతో వాపు దిగాక, పన్ను తీసే రోజున కొత్త కాగితం ఇచ్చింది. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. తీసేటప్పుడు మూడుసార్లు చెయ్యి లేపాను. మూడుసార్లూ ఆగింది.

ఆ కొత్త కాగితంలో రేపటికి ఐదు, ఎదురుచూపుకు ఐదు, మిషన్‌కు ఐదు, సూదికి ఐదు. శుభ్రం చేయడానికి రెండే; మొదటిసారి నమ్మించడానికి వేసిన ఆ రెండే నిజమని తేలింది. మొత్తం ఇరవై రెండు. అప్పుడు ఒప్పుకున్నది ఆరు. దాచినది పదహారు. దాని కింద ముట్టజెప్పింది, నిలవాల్సిన దవడ పన్ను ఒకటి.