మా మేనకోడలు మిఠాయిలు పంచిన రోజు

మొన్న నీట్ ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం మా అమ్మాయి నా చేతుల్లో ఆరు మిఠాయి డబ్బాలు పెట్టి, మన అంతస్తులో అందరికీ ఇచ్చి రమ్మంది. మనవరాలికి మంచి ర్యాంకే వచ్చింది, మెడిసిన్ సీటు ఖాయమన్నారు. నేను సంతోషంగానే బయల్దేరాను. రెండిళ్ళలో ఇచ్చి మూడో గుమ్మం ముందుకు వెళ్ళేసరికి, ఆ ఇంటి పిల్ల కూడా ఇదే పరీక్ష రాసిందన్న సంగతి గుర్తొచ్చింది. తలుపు వేసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మాటలు లేవు. బెల్లు మీద వేలు పెట్టాను గాని నొక్కలేకపోయాను. వెనక్కి వచ్చేసి, మోకాళ్ళు సలుపుతున్నాయని మా అమ్మాయితో అబద్ధం చెప్పి, నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

మోకాళ్ళు కాదు. ఇరవై ఏడేళ్ళుగా నన్ను వదలని ఒక రోజు ఉంది, అదే మళ్ళీ వచ్చి ఎదురుగా నిలబడింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా వయసువాళ్ళయిన మీకు చెబితే అర్థమవుతుందనిపించి రాస్తున్నాను.

అప్పట్లో మేము గుంటూరులో, బ్రాడీపేటలో అద్దెకి ఉండేవాళ్ళం. మా అన్నయ్యది మార్కాపురం వైపు పల్లె. పత్తి, మిరప తప్ప మరో ధ్యాస లేని మనిషి, ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దగ్గరే చెప్పులతో పాటు మాటలు కూడా విడిచి వచ్చేవాడా అన్నట్టు ఉండేవాడు. ఆయన కూతురు పదో తరగతిలో వాళ్ళ మండలానికే మొదట వచ్చిందని హెడ్మాస్టరు ఇంటికి వచ్చి మరీ, ఈ పిల్లని డాక్టరు చదివించమని చెప్పి వెళ్ళాడట. ఆ ఏడు మా అమ్మాయి కూడా పదే పూర్తి చేసింది. హాస్టల్లో వెయ్యడానికి అన్నయ్యకి మనసొప్పక, ఒక రేకు పెట్టె, ఒక పరుపుచుట్ట, వదిన పెట్టిన రెండు జాడీల పచ్చడి, వాటితో పాటు ఆ పిల్లని తీసుకొచ్చి మా ఇంట్లో దించాడు. వెళ్ళేటప్పుడు వీధి మలుపు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇద్దరూ నీ పిల్లలే అనుకో అమ్మా" అన్నాడు. "అనుకోవడమేంటన్నయ్యా, ఇద్దరూ నా పిల్లలే" అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. అదే ఇప్పుడు బాధ.

రెండేళ్ళు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు, ఒకే దీపం కింద చదివారు. నెలల తేడాతో పెద్దది కాబట్టి మా అమ్మాయి దాన్ని వదినా అని పిలిచేది. మా అమ్మాయికి గొంతెత్తి వల్లె వేస్తే గాని ఎక్కేది కాదు. మేనకోడలు మాత్రం పెదవులు కదుపుతూ లోలోపల చదువుకునేది. పురుగుమందుల కంపెనీవాళ్ళు రైతులకి పంచే క్యాలెండర్ల కాగితాలతో తన పుస్తకాలకి అట్టలు వేసుకునేది, అందుకని ఆ పిల్ల జువాలజీ పుస్తకం మీద పత్తికాయ, ఫిజిక్స్ పుస్తకం మీద శనగపచ్చ పురుగు ఉండేవి. మా అమ్మాయికి గుండె నిర్మాణం ఎంతకీ తలకెక్కకపోతే, మేనకోడలు వరండాలో నాపరాళ్ళ మీద సుద్దముక్కతో నాలుగు గదుల గుండెని మంచమంత బొమ్మ వేసి, ఏ గదిలోంచి ఏ గదిలోకి రక్తం పోతుందో దాన్ని ఆ గీతల మీదే నడిపించింది. రెండు రోజులు ఆ బొమ్మ తొక్కకుండా పక్కగా నడిచాం మేమంతా. చదువులో మేనకోడలే ముందు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

ఎంసెట్ రోజు వచ్చింది. మా అమ్మాయికి సెంటరు ఇంటికి దగ్గర్లోనే పడింది. మేనకోడలికి ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారి వెళ్ళవలసిన చోట పడింది. మా వారికి ఉన్నది ఒక్క స్కూటరు. ఎవరిని దించాలన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టనే లేదు, చూడండి. మా అమ్మాయి పొద్దున్నే వాంతి చేసుకుంది, కంగారు మనిషి. మా వారు దాన్ని తీసుకెళ్ళి గేటు మూసేదాకా అక్కడే నిలబడ్డారు. నేను మేనకోడలి నుదుట కుంకుమ పెట్టి, "నువ్వు ధైర్యం గలదానివమ్మా, వెళ్ళగలవు" అన్నాను. తలూపి వెళ్ళింది. రెండో బస్సు దొరకక చివరి మైలు పరుగెత్తిందట, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరుగెత్తిందట. హాల్లో కూర్చునేసరికి మిగతావాళ్ళు రాయడం మొదలుపెట్టి పది పదిహేను నిమిషాలయింది. సాయంత్రం వాకిట్లో కూర్చుని ఆ చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటుంటే అడిగితే చెప్పింది. పది నిమిషాలేగా, ఏం ఫరవాలేదులే అన్నాను. నాకు నేనే చెప్పుకున్నాను ఆ మాట.

ఫలితాలు అప్పుడు పేపర్లో వచ్చేవి. చీమల బారుల్లా అంకెలు, హాలు టికెట్టు నంబరు పక్కన ర్యాంకు. పేపరు ముట్టుకోవడానికే భయపడి పూజగదిలో దూరిన తల్లులు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గాని నేను ఒకదాన్ని. మా వారు స్కేలు ఆనించి నంబరు వెతికి ఒక్క కేక పెట్టారు. మా అమ్మాయికి సీటు వచ్చే ర్యాంకు! ఇల్లు ఇల్లంతా లేచి గంతులు వేసింది. పక్కింటివాళ్ళు వచ్చారు, మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు, మా వారి ఆఫీసువాళ్ళు దండ పట్టుకుని వచ్చారు. ఆ సందడిలో మేనకోడలు తనే స్కేలు తీసుకుని, తనే తన నంబరు వెతుక్కుని, పేపరు మడిచి బల్ల మీద పెట్టింది. ఆ ర్యాంకుకి ఎక్కడా సీటు రాదు. నేను చూశాను. దాని భుజం తట్టి, వచ్చే ఏడు చూద్దాంలే అని వంటింట్లోకి వెళ్ళాను. కాఫీలు కలపాలి కదా.

పదకొండింటికి మా వారు మిఠాయిలు తెచ్చారు. మా అమ్మాయి చుట్టూ చుట్టాలు. నాకు చేతినిండా పని. ఎదురుగా ఊరికే నిలబడి ఉన్నది మేనకోడలు ఒక్కతే. స్టీలు పళ్ళెంలో లడ్డూలు సర్ది, మీద తెల్లటి గుడ్డ కప్పి దాని చేతికిచ్చి, "వీధిలో పన్నెండిళ్ళూ ఇచ్చి రామ్మా, మనమ్మాయికి మెడిసిన్ సీటు వస్తుందని చెప్పు" అన్నాను.

కావాలని చెయ్యలేదు. కావాలని చేసి ఉంటే ఒకసారి పశ్చాత్తాపపడి ఊరుకునేదాన్నేమో. ఆలోచించనే లేదు, అదే నన్ను తినేస్తోంది. అది "సరే అత్తా" అంది. వెళ్ళింది. ఖాళీ పళ్ళెంతో తిరిగొచ్చి, దాన్ని కడిగి బోర్లించింది. ఆ తరువాత ఆ పిల్లని నేను చూడలేదు.

చూడలేదన్న సంగతి మూడు గంటలకి గాని నాకు తట్టలేదు. భోజనాలు అయ్యాయి, విస్తళ్ళు ఎత్తాము, ఆ పిల్ల తిన్నదో లేదో ఎవరికీ తెలియదు. గదిలో లేదు, డాబా మీద లేదు. రేకు పెట్టె ఉంది, పుస్తకాలు దొంతరగా సర్ది ఉన్నాయి, చెప్పులు లేవు. మా అమ్మాయి ఆ పుస్తకాల దొంతర చూసి బావురుమంది. మాది పత్తి పండే సీమ. పురుగుమందు డబ్బా అంటే ఏమిటో ఇక్కడి తల్లులకి వేరే చెప్పనక్కర్లేదు. మా వారు స్కూటరు మీద బస్టాండుకి వెళ్ళారు. వాళ్ళ ఊరి రైలు ఊరి శివార్లలో నల్లపాడు స్టేషన్లో ఆగుతుంది కదాని నేను రిక్షా ఎక్కి అక్కడికి వెళ్ళాను.

ఆ స్టేషను నాకిప్పటికీ కలలోకి వస్తుంది. మూడు దాటినా తగ్గని ఎండ, ప్లాట్‌ఫారం మీద నరమానవుడు లేడు. పట్టాల వెంట కంకర తెల్లగా మెరుస్తోంది. అటు చూడాలి, చూడటానికే కదా వచ్చాను, తల తిప్పలేకపోయాను. చాలాసేపు నా కాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి జామకాయలు అమ్ముకునే ముసలమ్మ, "ఎవరి కోసం తల్లీ?" అని అడిగింది. రెండు జడల పిల్ల, ఆకుపచ్చ ఓణీ అన్నాను. "పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నా, అట్టాంటి పిల్లెవరూ రాలేదమ్మా" అంది. అప్పుడు ఎత్తాను తల. పట్టాలు ఖాళీగా ఉన్నాయి.

ఆ వారమే మిర్చి యార్డు వేసవి సెలవులయ్యి తెరిచారు. కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న కాయలు అమ్ముకోవడానికి అన్నయ్య ఆ పొద్దున యార్డుకి వచ్చి ఉన్నాడు. నీ కూతురు కనబడటం లేదని ఆయనకి చెప్పాలి. రిక్షా అటు తిప్పించాను. ఏ మాటతో మొదలుపెట్టాలో దారి పొడుగునా వెతుక్కున్నాను.

యార్డు ఘాటుకి గేటు దాటేసరికే దగ్గు, కళ్ళవెంట నీళ్ళు. మూటల వరసల మధ్య అన్నయ్య కనిపించాడు. మిరపకాయల మూట మీద కూర్చుని, పొట్లంలోంచి పులిహోర ముద్ద చేసి పక్కనున్న మనిషికి పెడుతున్నాడు. ఆ పక్కన ఆకుపచ్చ ఓణీ. మూటల సందుల్లోంచి గబగబా అటు నడిచాను.

అన్నయ్య నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "రా అమ్మా. ఎండన పడి నడిచొచ్చింది. నా దగ్గరికి రాకుండా, ఆ తాలు కాయలు ఏరే ఆడోళ్ళ మధ్య కూర్చోని ఏరతా ఉంది. ఎవురి పిల్లో అని చూస్తే నా పిల్లే" అన్నాడు.

నేనేం చేశానో తెలుసా? దగ్గరికి తీసుకోలేదు. తిట్టాను. "చెప్పి రావద్దూ? ఎంత హడలి చచ్చామో తెలుసా నీకు?"

అది తలెత్తలేదు. కోపంగా కూడా అనలేదు. "మీరంతా పనిలో ఉన్నారు అత్తా" అంది.

చాలాకాలం తరువాత ఒకసారి ఆలోచిస్తుంటే తట్టింది నాకు, అది అంత దూరం ఎందుకు నడిచి వెళ్ళిందో. ఆ యార్డులో అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. అక్కడ కళ్ళు తుడుచుకునేవాళ్ళని ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు.

వచ్చే ఏడు మళ్ళీ రాయిద్దాం, మా ఇంట్లోనే ఉంచు అన్నయ్యా అన్నాను. "ఇప్పుడేం అడగమాకమ్మా. ఇంటికి తీసుకెళ్తా, కంటినిండా నిద్రపోనీ" అన్నాడు. ఆ సాయంత్రం బస్సుకే ఇద్దరూ వెళ్ళిపోయారు. రేకు పెట్టె తరువాత ఎవరో వచ్చి పట్టుకెళ్ళారు.

కొన్ని వారాలకి కౌన్సెలింగుకి పిలుపొచ్చింది. సర్టిఫికెట్ల ఫైలుతో విసురుకుంటూ తల్లిదండ్రులంతా వరసల్లో కూర్చున్న ఆ హాల్లో, ముందు వరసలో రెండు జడలు కనబడి, మేనకోడలిని పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఎవరో పిల్ల వెనక్కి తిరిగి చూసింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. దాని సీటు ఖాయమైన కాగితం చేతికి వచ్చినప్పుడు మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

మేనకోడలు మళ్ళీ ఎంసెట్ రాయలేదు. ఒంగోల్లో బీఎస్సీ చదివి, బీఈడీ చేసి, జిల్లా పరిషత్ స్కూల్లో సైన్సు టీచరయింది. పెళ్ళిళ్ళలో కనిపించేది, నవ్వుతూ మాట్లాడేది, మా ఇంటి గడప మాత్రం తొక్కలేదు. ఒకసారి ఏదో పెళ్ళిలో, పాత వీధిలోని ఆఖరింటావిడ నా పక్కన భోజనానికి కూర్చుని, మాటల్లో అంది: "మీ మేనకోడలు ఎంత నెమ్మదైన పిల్లండీ. లడ్డూలు తెచ్చిన రోజున, నీకెంతొచ్చిందమ్మా అని అడిగాను. నేను పరీక్ష రాయలేదండీ అంది." పన్నెండు గుమ్మాలు. ఎన్ని గుమ్మాల్లో అడిగారో, ఎన్నిసార్లు అది ఆ రెండేళ్ళ చదువునీ, ఆ పరుగునీ తన నోటితోనే లేకుండా చేసుకుందో.

పోయిన చలికాలం అన్నయ్యకి బాగాలేదంటే చూడటానికి వెళ్ళాను. ఆయన్ని చూసుకుంటున్నది ఆ పిల్లే. పిల్లేమిటి, చెవుల పక్క జుట్టు నెరిసింది. పెరట్లో ఇద్దరమే ఉన్నప్పుడు ధైర్యం చేశాను. "ఆ రోజు నీ చేత లడ్డూలు పంచిపెట్టించానమ్మా. నేను చేసింది..." అన్నాను.

బట్టలు ఆరేస్తున్నది ఒక్క క్షణం ఆగింది. "ఏ రోజత్తా? నాకు గుర్తే లేదు" అంది. చీర అంచులు లాగి దులిపి, క్లిప్పు పెట్టి, "ఉండండి, టీ పెట్టుకొస్తా. చక్కెర తగ్గించి తాగుతున్నారటగా" అంది. చిన్నప్పుడు నన్ను నువ్వు అనేది. ఎప్పటి నుంచి మీరు అనడం మొదలుపెట్టిందో కూడా నేను గమనించలేదు.

ఇప్పటి తల్లిదండ్రుల్ని చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. మా అమ్మాయి, ఎంత తీరికలేని డాక్టరైనా, పరీక్షల వారమంతా సెలవు పెట్టింది. ర్యాంకు రానీ పోనీ, ముందు అన్నం తిను అని కూతురితో నాలుగుసార్లు అంది. ఎలా ఉందిరా, భయంగా ఉందా అని పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతున్నారు వీళ్ళు. మా కాలంలో ఇంటినిండా మనుషులుండేవాళ్ళం, ఆ ఒక్క మాట అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. అడగాలని మాకు తెలిసివచ్చేసరికి, జవాబు చెప్పవలసిన పిల్లలు పెద్దవాళ్ళయిపోయి, మమ్మల్ని నొప్పించకుండా మాట్లాడటం నేర్చేసుకున్నారు.